కంట్రోల్ లైన్ ఒక్కటే వచ్చింది

మా గల్లీ కుక్కలు కూడా నన్ను కరవవు. రెండు మూడుసార్లు వెంటపడ్డాయి గానీ, దగ్గరికొచ్చి నా పిక్కలు చూసి, ఈ ఎముకల కోసం పళ్లు పాడుచేసుకోవడం దేనికని వెనక్కి మళ్లాయి. పెళ్లినాటి ప్యాంటు నాకు ఇప్పటికీ వదులే. అట్లాంటి నన్ను మొయినాబాద్ ఆటో స్టాండులో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా ఒక మనిషి కరిచాడు.

ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ లెక్క కుదరక బడి మానేశాను. అప్పటి నుంచి నాకు చేతనైన పనులు రెండే. ఒకటి బండి నడపడం, రెండోది నోరు నడపడం. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు షేర్ ఆటో నాది. స్టాండులో బండ్లన్నీ వరసగా నిలబడతాయి. ముందున్నది ముందు నిండాలి, అది కదిలితే వెనకది జరగాలి. ఆ రోజు ముందున్నది నాది. నా వెనకది హిమాయత్‌నగర్ ఆయనది. మొయినాబాద్ పక్కనున్న ఆ ఊళ్లో కిరాయికి ఉంటాడు కాబట్టి అందరం అట్లాగే అనేవాళ్లం. నాకన్నా పెద్దవాడు. మాట్లాడడు, నవ్వడు. స్టాండు మొత్తంలో నా జోకులకు నవ్వనివాడు ఆయనొక్కడే. అందుకే నా జోకులన్నీ ఆయన మీదికే పోయేవి.

బంతిపూల గంపలతో ఇద్దరు అవ్వలు వచ్చారు. నా బండి దాటిపోయి ఆయన బండి ఎక్కారు.

"అవ్వా, ముందు నేనుంటె ఎనకకు పోతున్నరేంది?" అన్నాను.

"నీ బండ్ల పోతె పూలు చట్నీ అయితయి బిడ్డా. గీ అన్న మెల్లగ తోల్తడు."

"గా అన్న బండ్ల పోతె చేవెళ్ల చేరేటాలకు పూలు వాడి కాయలు కాస్తయి."

అవ్వలు నవ్వారు. స్టాండు నవ్వింది. ఆయన మాత్రం కిక్ రాడ్ లాగబోయాడు. నేను పోయి ఒక గంప పట్టుకుని ఇటు లాగాను, ఆయన దిగి అటు లాగాడు. గంప రెండు ముక్కలయింది. పూలన్నీ రోడ్డు మీద పడ్డాయి, వెంటనే ఒక బస్సు వాటి మీదుగా పోయింది. ఆయన నన్ను రొమ్ము మీద తోశాడు. నేను మూతి మీద గుద్దాను.

గట్టిగానే తగిలింది. ఆయన పళ్ల సందుల్లోంచి రక్తం కారింది. రెండోసారి ఎత్తిన నా చేతిని గాల్లోనే దొరకబట్టి, మోచేతి కింద, మక్కకంకిని కొరికినట్టు కొరికాడు. కొరికి వదల్లేదు. నేను ఎడమచేత్తో ఆయన నెత్తి మీద గుద్దుతున్నకొద్దీ పళ్లు ఇంకా లోపలికి దిగుతున్నాయి. నా కేక నాకే ఎవరిదో అనిపించింది. మా ఆవిడ తమ్ముడు, అంటే మా బామ్మర్ది, అదే స్టాండులో ఆటో నడుపుతాడు. వాడు ఉరికొచ్చి ఆయన ముక్కు మూసి పట్టుకుంటే, ఊపిరాడక అప్పుడు నోరు తెరిచాడు. చేతి మీద పైన ఒక వరస, కింద ఒక వరస. ఆ రక్తంలో నాది ఎంతో, ఆయనది ఎంతో తెలియదు.

"ఓ అన్నలారా, గీ ఊర్ల కుక్కసూది ఏడ దొరుకుతదో చూడుండ్రి," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. బామ్మర్ది ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది.

"బావా, చెయ్యి కడుగు. జల్ది కడుగు."

"ఏమైందిరా?"

"ఆయనకు ఆ రోగమున్నది బావా. ఎయిడ్స్. మందులు తెచ్చుకునే కాడ నేను జూసిన. పెండ్లాం గూడ దాంతోనే పోయిందంట. సొంతూర్ల ఉండనియ్యకపోతె గీడికొచ్చిండు."

ఆ మాట పడగానే స్టాండు మొత్తం నాలుగడుగులు వెనక్కి పోయింది. ఆయన నుంచి ఎంత దూరం జరిగారో నా నుంచీ అంతే దూరం జరిగారు.

ఆయన చొక్కా చేతితో మూతి తుడుచుకున్నాడు. "నేను రోజు గోళీ మింగుత. నాతోని ఎవ్వలకు అంటదు. డాక్టరే చెప్పిండు," అన్నాడు. అన్నాళ్లలో ఆయన నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. జవాబుగా ఎవరో చెప్పు విసిరారు. అది ఆయన చెవికి తగిలి కింద పడింది.

స్టాండులో పెద్దమనిషి లాంటి డ్రైవరు ఒకాయన ఉన్నాడు. తీర్పులన్నీ ఆయనవే. అప్పటికప్పుడు చెప్పేశాడు. "తమ్మీ, నువ్వు చేవెళ్ల దవాఖానకు పోయి పరీక్ష చేపిచ్చుకో. నీకు రాకుంటె వీని బండి లైన్లకెల్లి తీసేస్తం, అంతే. వస్తె మాత్రం వీన్ని గీడనే పాతిపెడ్తం."

ఆయన ఆటో తాళం గుంజుకున్నారు. హోటల్ గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మా బామ్మర్ది జాకీ రాడ్ పట్టుకుని కాపలా నిలబడ్డాడు. నిజం చెప్తే, అప్పుడు నాకు ఆ తీర్పులో తప్పేమీ కనిపించలేదు. నా చేయి మండుతోంది. ఇంట్లో ఆడపిల్ల ఉంది. పాతిపెడితే పాతిపెట్టనీ అనుకున్నాను.

కబురు అందుకుని మా ఆవిడ ఉరికొచ్చింది. వచ్చీ రాగానే నా చెంప పగలగొట్టింది.

"నన్నెందుకే కొడ్తున్నవ్? కరిచింది ఆయన!"

"కరిచేదాంక తెచ్చుకున్నది ఎవలు? నీ నోరు ఊకుంటదా?"

తర్వాత నా మెడలో టవల్ తీసి చేతికి కట్టి, బండిలో వెనక కూర్చుంది. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని చేవెళ్లకు తోలాను. దారి పొడుగునా ఆమె తిట్టింది. మధ్యలో తిట్లు ఆగాయి. అద్దంలో చూస్తే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అట్లాంటప్పుడు ఏదో ఒకటి అనడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం అద్దం పక్కకు తిప్పి బండి తోలాను.

సర్కారు దవాఖానలో ఈ పరీక్షలకు వేరే గది ఉంది. అందులో కౌన్సిలర్ మేడం ఉంది. ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో చాలాసేపు చేయి కడిగించింది. డాక్టరు వచ్చి గాటు చూశాడు. కరిచినాయన నోట్లో రక్తం ఉంది గనక ఎందుకైనా మంచిదని నెల రోజుల గోళీలు రాశాడు. రోజూ సక్రమంగా మందు వేసుకునే మనిషి నుంచి అంటుకోవడం దాదాపు ఉండదనీ, భయపడవద్దనీ అన్నాడు. భయపడవద్దని డాక్టరు అంటే ఎవరికైనా భయం ఎక్కువవుతుంది.

మేడం సూది తీసి నా వేలు పట్టుకుంది. "ఒక మాట చెప్త, మంచిగ ఇనుండ్రి," అంది. "గీ పరీక్ష ఇయ్యాల కరిచిన సంగతి చెప్పదు. ఇయ్యాల అంటుకున్నా రక్తంల కనపడనీకె వారాలు పడ్తది. అందుకే మళ్లొకసారి రమ్మంట. ఇప్పుడు చేసేది మాత్రం, అంతకు ముందే మీకున్నదా లేదా అని. రెండు గీతలు పడితె ఉన్నట్టు."

మా ఆవిడ తల ఎత్తింది. "అంతకు ముందంటె?"

"అంతకు ముందే."

మా ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు ముందు హిమాయత్‌నగర్ ఆయన పళ్లు ఎందుకూ పనికిరావు.

"రెండు గీతలు పడాలె," అంది, గొంతు పెంచకుండా, "నిన్ను గీడనే సంపుత. స్టాండు దాంక గూడ పోనియ్య."

వేలి మీద పొడిచినప్పుడు నొప్పి తెలియలేదు. అగ్గిపెట్టె అంత తెల్లటి ప్లాస్టిక్ ముక్క. ఒక చివర గుంటలో నా రక్తం చుక్క వేసి, దాని మీద ఏదో మందు రెండు మూడు చుక్కలు వేసింది. ఎర్రటి నీడ ఒకటి పట్టీ మీద మెల్లగా పాకుతూ పైకి పోతోంది. పక్కన సి అనీ టి అనీ రెండు అక్షరాలు. అంతవరకు ఇంగ్లీషు నాకు వచ్చు.

ఇట్లాంటి పట్టీ మా ఇంట్లో ఒకసారి చూశాను. మా బిడ్డ కడుపులో పడ్డప్పుడు. అప్పుడు రెండు గీతలు వస్తే గల్లీ అంతా జిలేబీ పంచాను. ఇప్పుడు అవే రెండు గీతలు వస్తే మా ఆవిడ నన్ను చంపుతుంది, స్టాండువాళ్లు ఆయన్ని చంపుతారు. అది అప్పుడే నా బుర్రకెక్కింది. రెండు గీతలు వస్తే ఆ రోగం నేను వేరే ఎక్కడో తెచ్చుకున్నదని అర్థం. మరి ఆయన్నెందుకు పాతిపెట్టడం? స్టాండు తీర్పు అసలు వేరే పరీక్ష మీద చెప్పినట్టయింది.

సి దగ్గర ఒక గీత పొడుచుకొచ్చింది. మా ఆవిడ నా మోకాలు పట్టుకుని గోళ్లు దించింది.

"అది కంట్రోల్ లైన్," అంది మేడం. "కిట్టు సక్కగ పనిచేస్తున్నదని చెప్పేది. అది రావాలె."

"కంట్రోల్ అంటె బియ్యమిచ్చేడిది గదా మేడం?" అంది మా ఆవిడ. మా వైపు రేషన్ దుకాణాన్ని కంట్రోల్ అనే అంటాం.

"ఔనే. గీడ గూడ లైన్ల నిలబడాలె," అన్నాను. అప్పుడు నాకు నోరు వచ్చింది.

టి దగ్గర ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు. మేడం వెలుగులో పెట్టి చూసింది, గడియారం చూసింది, మళ్లీ చూసింది. "కంట్రోల్ లైన్ ఒక్కటే వచ్చింది. మీకు లేదు," అంది. మా ఆవిడ నా మోకాలు వదిలి, నెత్తి మీద ఒక్కటి మొట్టి, కళ్లు తుడుచుకుంది.

అప్పుడే ఫోను మోగింది. బామ్మర్ది.

"బావా! వచ్చిందా?"

"వచ్చిందిరా! కంట్రోల్ లైన్..."

ఒక్కటే వచ్చింది, రోగం లేదు, అని మిగతాదంతా సంతోషంగా చెప్పాను. చెప్పాక చూస్తే ఫోను ఎప్పుడో తెగిపోయింది. ఆ గదిలో సిగ్నల్ అట్లాంటిదే. వాడికి అర్థమయ్యే ఉంటుందనుకుని గోళీల కోసం మందులిచ్చే కిటికీ దగ్గరికి పోయాను. నేను వచ్చిందన్నది కంట్రోల్ లైన్. వాడు అడిగింది రోగం వచ్చిందా అని.

గోళీలు తీసుకుని ఆవరణలోకి వచ్చాక స్టాండు నుంచి ఇంకో డ్రైవరు ఫోను చేశాడు. రొప్పుతున్నాడు.

"అన్నా, ఫికర్ జెయ్యకు. వచ్చిందంట గదా. కంట్రోల్ల గూడ లేదని నువ్వే అన్నవంట గదా. నీ బిడ్డ సంగతి మేం చూస్కుంటం. వీన్నయితె ఇడుస్తలేం."

వాడి వెనక తడిబట్టను బండ మీద బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్యమధ్య హిమాయత్‌నగర్ ఆయన మూలుగు.

"రాలేదురా! నాకు రాలేదు! ఆపుండ్రి!" అని ఫోనులో అరిచాను.

"ధైర్నంగుండన్నా. ఏడ్వకు," అని పెట్టేశాడు.

తర్వాత ఎవరికి చేసినా ఎత్తలేదు. బండి ఎక్కాం. మా ఆవిడ ముందు సీటు అంచు పట్టుకుని నిలబడే ఉంది. చేవెళ్ల రోడ్డు మీద నా జీవితంలో అంత స్పీడుగా ఎప్పుడూ తోలలేదు. ఎదురొచ్చే లారీలే నాకు దారిచ్చాయి.

వాళ్లు ఫోను ఎందుకు ఎత్తలేదో స్టాండుకు చేరాక తెలిసింది. అందరి చేతులకూ పాలిథిన్ కవర్లు ఉన్నాయి. కూరగాయల కవర్లు, హోటల్లో పార్సిల్ కట్టే కవర్లు. మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నారు. ఆయన రక్తం అంటకుండా ఆయన్ని కొట్టాలి గదా. కవర్ల చేతులతో కర్రలు పట్టుకున్నారు, జాకీ రాడ్ పట్టుకున్నారు, ఒకడు చైను పట్టుకున్నాడు. ఆయన ఆటో పక్కకు ఒరిగి పడి ఉంది, అద్దం పొడి అయిపోయింది. ఆయన నేల మీద ముడుచుకుని, రెండు చేతులతో తల దాచుకున్నాడు. చేతుల మీద కొడితే తల వదులుతాడని చేతుల మీదే కొడుతున్నారు. తల వదిలినప్పుడు మూతి మీద రాడ్ పడింది. ముందు పళ్లు రెండు ఊడి దుమ్ములో పడ్డాయి. ఎవడో వాటిని చెప్పుకాలితో దూరంగా తన్నాడు. కరిచే పళ్లు కదా.

"ఆపుండ్రి! ఒకటే లైన్ వచ్చింది! నాకు లేదు!" అని అరుస్తూ మధ్యలో దూరాను.

"బావకు మతి పోయింది," అన్నాడు మా బామ్మర్ది, కళ్లనీళ్లతో. "నువ్వు పక్కకు జరుగు బావా. నీ పగ మేం తీర్చుకుంటం."

"పగ లేదురా! రోగం లేదురా!"

"పాపం, ఆయనకే తెలుస్తలేదు," అన్నాడు ఇంకొకడు.

మా ఆవిడ కూడా అరుస్తోంది. ఆమె ఏడుపు చూసి వాళ్లకు ఇంకా కోపం వచ్చింది. చైను మళ్లీ లేచింది. ఆయన మీద పడాల్సింది నా దవడ మీద పడింది. నోరంతా ఉప్పగా అయింది. నేను ఆయన మీద బోర్లా పడ్డాను. ఆయన నా కింద గాలి కోసం గురగురలాడుతున్నాడు. ఇంకో దెబ్బ ఎక్కడ పడినా ఆయన ఉండడు.

నిజం చెప్తే ఒక్కడూ వినలేదు. ఇక నాకు మిగిలింది అబద్ధమే.

లేచి నిలబడ్డాను. నోట్లో రక్తాన్ని పుక్కిలించి ముందున్నవాడి కాళ్ల దగ్గర ఉమ్మాను.

"వచ్చిందిరా! నాకు వచ్చింది! ఫుల్లు వచ్చింది! రాండ్రి, ఎవలొస్తరో రాండ్రి! దగ్గరికొచ్చినోన్ని కరుస్త!"

వాళ్లు ఆగారు. నేను ఆగలేదు. దగ్గరగా ఉన్నది మా బామ్మర్దే. వాడి చేయి పట్టుకుని, పాలిథిన్ కవరుతో సహా, బొటనవేలి మొదట్లో కొరికాను. హిమాయత్‌నగర్ ఆయన నాకు నేర్పినట్టే, పట్టు వదలకుండా. కవరు చిరిగి చర్మం దొరికింది. వాడు పెట్టిన కేక శంకర్‌పల్లి స్టేషన్‌లో వినిపించి ఉంటుంది.

"ఇగ నీకు గూడ వచ్చింది, పో! ఇంకెవలున్నరు?"

చైను ముందు పడింది. తర్వాత కర్రలు. పెద్దమనిషి హోటల్ వెనక సందులోకి ఉరికాడు. చేతులకు కవర్లతో, తమ ఆటోల తాళాలు తిప్పడం రాక, కొందరు బండ్లు వదిలేసి రోడ్డు దాటి పోయారు. మా ఆవిడ కింద పడిన జాకీ రాడ్ తీసుకుని మా ముందు నిలబడింది. చూస్తుండగానే స్టాండులో మేము ముగ్గురం మిగిలాం. నాలుగో వాడు మా బామ్మర్ది. వేలు పట్టుకుని నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"అక్కా, బావ నన్ను కరిచిండే."

"మంచిగయింది. ఆయన కాళ్లు పట్టు, బండ్ల ఏద్దాం," అంది మా ఆవిడ.

పట్టాడు. చేవెళ్ల వరకు మా ఆవిడ ఆయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె చేతులకు కవర్లు లేవు. బామ్మర్ది నా పక్కన కూర్చుని దారి పొడుగునా వేలు చూసుకున్నాడు. దవాఖానలో మేడం వాడి వేలూ కడిగించింది, పొడిచింది. సి దగ్గర గీత వచ్చినప్పుడు వాడు కళ్లు మూసుకుని "వచ్చింది, వచ్చింది" అని గోడకు తల కొట్టుకున్నాడు. అది కంట్రోల్ లైన్ అని నేను చెప్పలేదు. కాసేపు ఏడ్వనిచ్చాను. మేడమే చెప్పింది.

ఆయనకు పక్కటెముకలు విరిగాయి, ఎడమచేయి విరిగింది. బతికాడు.

ఆ తర్వాత నా బండి ఎవరూ ఎక్కలేదు. కరుస్తానని నేనే చాటుకున్నాను గదా. మా బామ్మర్ది స్టాండులో ఒక్కొక్కరికీ ఒకటే లైన్ కథ చెప్పుకుంటూ తిరిగాడు. చివరికి మేడం కిట్లు పెట్టుకుని స్టాండుకే వచ్చింది. ఎవరికి అనుమానం ఉంటే వాళ్లు రావచ్చు, ఎవరి రిపోర్టు వాళ్లకే చాటుగా చెప్తానంది. చైను తిప్పిన చేతులు సూది చూసి జేబుల్లోకి పోయాయి. పెద్దమనిషికి అత్యవసరంగా హైదరాబాద్ కిరాయి తగిలింది. కొందరు మాత్రం వేలు చాపారు. వాళ్లే ముందుగా నా బండి పక్కన బండి పెట్టారు.

నేను రెండోసారి పరీక్షకు పోయినప్పుడు కూడా ఒక్క గీతే వచ్చింది. ఈసారి ఫోనులో ఎవరికీ చెప్పలేదు.

చేతికి కట్టు విప్పాక హిమాయత్‌నగర్ ఆయన వచ్చాడు. కొత్త అద్దం వేయించిన బండి తెచ్చి వరసలో, నా వెనకే పెట్టాడు. స్టాండులో కొందరు అటు తిరిగి నిలబడ్డారు. ఒకడు గొణిగాడు. పెద్దమనిషి బీడీ పారేసి, చూసి, ఇంకో బీడీ ముట్టించాడు. ఆ రోజుకు అదే తీర్పు. ఈ రోజుకీ ఆయన బండి నిండడానికి నా బండి కన్నా ఎక్కువసేపు పడుతుంది.

నేను పోయి ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన జేబులోంచి గోళీ తీశాడు, సీసా మూత తిప్పుతున్నాడు. చేయి ఇంకా సరిగా తిరగడం లేదు. నేనే మూత తీసిచ్చాను. మనిషి బతికి వచ్చాడన్న సంతోషం నాది. ఊరుకోలేకపోయాను.

"అన్నా, నా నోరే గనక లేకుంటె నువ్వు ఇయ్యాల దండేసిన ఫోటోల ఉండేటోనివి. మల్ల నా జోకులకు గింతన్న నవ్వవు."

ఆయన గోళీ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, లేని పళ్ల సందులోంచి కారినవి తుడుచుకుని, మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

"నా రోగానికి గోళీ కనిపెట్టిన్రు తమ్మీ. నీ నోటికే ఇంక కనిపెట్టలే."